ఏడు నెలల గుర్రపు పిల్ల, పదకొండేళ్ళ అమ్మాయి: నా అనుభవం

గుంటూరు దగ్గర తోటలో ఉంటున్న మీరు ఏడు నెలల గుర్రపు పిల్లను కొన్నారనీ, దాన్ని మచ్చిక చేసే పని తనకే కావాలని పదకొండేళ్ళ మీ అమ్మాయి పట్టుబడుతోందనీ రాశారు. అప్పగిస్తే వారిద్దరికీ నిజంగా అనుబంధం కుదురుతుందా, లేక దెబ్బలే మిగులుతాయా అని అడిగారు. పెద్దవాళ్ళెవరైనా పక్కనే నిలబడి ఉండేటట్లయితే తప్పకుండా అప్పగించండి. నేను కూడా ఆ వయసులోనే ఆ పని చేశాను కాబట్టి ఇంత ధైర్యంగా చెప్పగలుగుతున్నాను.

మాది విజయవాడ వన్‌టౌన్. నాన్నగారు జట్కా తోలేవారు. 1989 వేసవిలో, నాకు పదేళ్ళప్పుడు, మా ఆడగుర్రం ఈనింది. పదకొండు నెలలు కడుపులో ఉండి తెల్లవారుజామున నేల మీద పడ్డ ఆ పిల్ల, గంట తిరిగేసరికి వణికే కాళ్ళ మీద నిలబడి తల్లి పొదుగు వెతుక్కోవడం నేను లాంతరు పట్టుకుని చూశాను. నుదుట రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ ఉండడంతో దానికి చుక్క అని పేరు పెట్టాము. ఆటోలు పెరిగి జట్కాలకు బేరాలు పడిపోతున్న రోజులవి. నాన్నగారికి పొద్దుటి నుంచి రాత్రి దాకా స్టేషన్ దగ్గరే సరిపోయేది. అందువల్ల ఆరు నెలలకు తల్లి పాలు మాన్పించాక చుక్క పని నా మీద పడింది.

నాన్నగారు మొదట నేర్పింది తాడు పట్టుకోవడం కాదు, తాడు సడలించడం. పిల్ల తలకు కట్టిన తాడును కొద్దిగా బిగువుగా పట్టుకుని ఆగాలి, లాగకూడదు. అది ఒక అడుగు వేసినా, కనీసం ఒంటి బరువును ముందుకు తెచ్చినా, ఆ క్షణంలోనే తాడు వదులు చేయాలి. గుర్రం నేర్చుకునేది బిగువు వల్ల కాదు, ఆ బిగువు పోవడం వల్ల. వదలడం కాస్త ఆలస్యమైందంటే తాను చేసిన పనికీ, తనకు దొరికిన సుఖానికీ ఉన్న సంబంధం దానికి అందదు. మా ఇంటి వెనుక సందులో మొదటి రోజు సాయంత్రమంతా నిలబడితే చుక్క వేసినవి నాలుగు అడుగులే, కానీ ఆ నాలుగూ తనంతట తాను వేసినవి.

మరుసటి వేసవిలో నేను ఒక తప్పు చేశాను. ప్రకాశం బ్యారేజీ దిగువన నీళ్ళు తగ్గి ఇసుక తేలిన రోజుల్లో చుక్కను అక్కడికి నడిపించుకుని వెళ్ళేవాడిని. మా మేనత్త కొడుకులు చూస్తున్నారన్న ఉత్సాహంలో ఒకనాడు తాడును చేతికి రెండు చుట్లు చుట్టుకుని గట్టిగా లాగాను. చుక్క బెదిరి వెనక్కి విసురుగా లాగడంతో ఇసుకలో బోర్లా పడ్డాను. తాడు ఒరుసుకుని అరచేతి చర్మం లేచిపోయింది. చెయ్యి పది రోజుల్లో మానింది కానీ, నా చెయ్యి పైకి లేస్తే చాలు చుక్క తల పక్కకు తిప్పుకునేది. నాన్నగారు నన్ను తిట్టలేదు. తాడు తీసి చూరుకు తగిలించి, పదిహేను రోజులు దాన్ని ముట్టుకోవద్దనీ, గోనెపట్టా వేసుకుని పాకలో ఊరికే కూర్చోమనీ చెప్పారు.

అనుబంధం అని మీరు అడిగినది నాకు తెలిసింది ఆ పదిహేను రోజుల్లోనే. మొదట చుక్క నాకు వీపు పెట్టి, చెవులు వెనక్కి అణచుకుని గడ్డి తినేది. అయిదో రోజున ఒక్క చెవి మాత్రం నా వైపు తిరిగింది. ఆ తరువాత ఒక మధ్యాహ్నం నేను లెక్కలు చేసుకుంటూ ఉండగా వెనుక నుంచి వచ్చి నా జుట్టులోకి వెచ్చగా ఊపిరి వదిలింది. నేను కదలలేదు. రెండో వారం చివర అది నాకు మూరెడు దూరంలో కాళ్ళు చాపుకుని, బుగ్గ నేలకు ఆనించి నిద్రపోయింది. గుర్రం నిలబడే కునుకు తీయగలదు, కానీ గాఢంగా నిద్రపోవాలంటే పడుకోవలసిందే, భయం ఉన్న చోట అది పడుకోదు. నిద్రలో దాని పెదవులు పాలు తాగుతున్నట్లు కదలడం చూస్తూ, అమ్మ అన్నానికి మూడుసార్లు పిలిచినా నేను లేవలేదు.

ఆ తరువాత పని సులువైంది. మెడ మీద తట్టడం మానేసి, జూలు మొదలు దగ్గర, గుర్రాలు ఒకదానినొకటి పళ్ళతో గోక్కునే చోట, వేళ్ళతో గోకేవాడిని. కాళ్ళు ఎత్తించడం, గిట్టలు శుభ్రం చేయించుకోవడం అలాగే అలవాటయ్యాయి.

రెండేళ్ళ వయసులో ఒక రాత్రి చుక్క ఉలవ గుగ్గిళ్ళు ముట్టలేదు. ముందరి కాలితో నేలను గీరుతూ, మాటిమాటికీ తన డొక్క వైపు తిరిగి చూసుకుంటోంది. సాయంత్రం నుంచి లద్దె వేయలేదని కూడా గమనించి నాన్నగారిని లేపాను. గుర్రం వాంతి చేసుకోలేదు కాబట్టి కడుపునొప్పి దానికి ప్రాణాంతకం కావచ్చు. పశువైద్యుడు వచ్చి ముక్కులోంచి గొట్టం వేసి మందు పోసినంతసేపూ దాని తల నా భుజం మీదే ఉంది. తెల్లవారాక అది లద్దె వేసినప్పుడు నాన్నగారు నా వీపు మీద చెయ్యి వేశారు. రోజూ గంటల తరబడి దాన్ని చూసిన కళ్ళు కాబట్టే ఆ తేడాను పట్టుకోగలిగాను. మచ్చిక చేయడంలో నాకు దక్కినవాటిలో దీనికంటే పెద్దది ఏదీ లేదు.

1992 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు వచ్చేనాటికి చుక్కకు మూడేళ్ళు నిండాయి. ఆ జనంలోకి తీసుకెళ్ళకుండా, రద్దీ అంతా తగ్గాకే నాన్నగారు దానికి కళ్ళెం పెట్టి ఖాళీ బండికి అలవాటు చేశారు.

ఇక మీ అమ్మాయి విషయం. పెద్దలకు గుర్రంతో పని ఉంటుంది కనుక తొందర ఉంటుంది. పిల్లలకు ఆ తొందర లేదు, మీ అమ్మాయికి ఉన్న గొప్ప సౌకర్యం అదే. మొదటి పదిహేను రోజులు తాడు లేకుండా ఊరికే దగ్గర కూర్చోనివ్వండి. పాఠం పదిహేను నిమిషాలకు మించనివ్వకండి. తాడును చేతికి చుట్టుకోకూడదనీ, వెనుక నుంచి చప్పుడు చేయకుండా వెళ్ళకూడదనీ గట్టిగా చెప్పండి. గుర్రానికి సరిగ్గా వెనుక ఉన్నదీ, నుదుటికి మరీ దగ్గరగా ముందు ఉన్నదీ కనిపించవు. బెల్లం, క్యారెట్ లాంటివి చేతితో తినిపిస్తే కొరకడం అలవాటవుతుంది, తొట్టిలో వేయించండి. వెన్నెముక పూర్తిగా గట్టిపడడానికి అయిదారేళ్ళు పడుతుంది కాబట్టి, మూడేళ్ళు నిండేదాకా ఎవరూ, మీ అమ్మాయి అయినా సరే, దాని మీద ఎక్కకూడదు. గుర్రాలకు ధనుర్వాతం ముప్పు ఎక్కువ, ఆ టీకా వేయించారో లేదో ఈ వారమే కనుక్కోండి.

మీరు రాసిన దానిని బట్టి ఆ పిల్ల తోటలో ఒంటరిగా ఉన్నట్లు తోస్తోంది. మీ అమ్మాయి ఎంత ప్రేమగా చూసుకున్నా రాత్రివేళ దాని పక్కన ఉండలేదు. చుక్కకు తల్లి ఉండేది. వయసు మళ్ళిన నెమ్మదైన గుర్రం ఒకటి దొరికితే ముందు దాన్ని తోడు తెచ్చి, ఆ తరువాతే తాడు పని మొదలుపెట్టండి.