తెర మీది పువ్వు, చేతిలోని పువ్వు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మొక్కల చిత్రాలు వేయడాన్ని ఆన్‌లైన్ తరగతుల్లో నేర్పుతున్న ఉపాధ్యాయులవి. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా కుదించాను.

ప్రశ్న: నేను ఏడాదిగా ఆన్‌లైన్‌లో వృక్షచిత్రలేఖనం నేర్పుతున్నాను. తరగతికి 12 మంది ఉంటారు. నేను అంచెలంచెలుగా వేసి చూపిస్తుంటే వారూ నాతో పాటే వేస్తారు. తరగతి ముగిసేసరికి అందరి చిత్రాలూ చక్కగా వస్తున్నాయి. కానీ ఏదైనా మొక్కను ఎదురుగా పెట్టుకుని సొంతంగా వేయమంటే మాత్రం ఒక్కరికీ చేయి ఆడడం లేదు. లోపం ఎక్కడుంది?

జవాబు: మీ విద్యార్థులు ఏడాదిగా చూస్తున్నది మీ చిత్రాన్ని, పువ్వును వారు ఇంకా చూడలేదు. ఒకే గదిలో కూర్చుని నేర్పేటప్పుడు బల్ల మధ్యలో మొక్క ఉంటుంది, గురువు వెనక నిలబడి విద్యార్థి చూపు ఎటు పోతున్నదో గమనిస్తూ ఉంటారు. ఆన్‌లైన్ తరగతిలో ఆ మొక్క ఉండవలసిన చోటికి గురువుగారి కాగితం వచ్చి కూర్చుంటుంది. అప్పటికే గీతలుగా మారిపోయిన పువ్వును చూసి మళ్లీ గీతలు గీయడం ఎవరికైనా సులువే. ముందుకూ వెనక్కూ వంగి, ఒకదాని వెనక ఒకటి దాగిన రేకులను చదునైన కాగితం మీదికి దించడమే ఈ విద్యలో అసలు కష్టం, ఆ కష్టమంతా వారి తరఫున మీరే పడుతున్నారు.

నా మాట మీద నమ్మకం కుదరకపోతే ఒక పరీక్ష పెట్టి చూడండి. ప్రతి ఒక్కరినీ ఒక రేకమందారం తెచ్చుకోమనండి. ముద్దమందారం దీనికి పనికిరాదు. రేకమందారంలో ఉండే 5 ఆకర్షక పత్రాల్లో ప్రతిదీ ఒక అంచుతో పక్క రేకును కప్పుతూ, రెండో అంచును అవతలి రేకు కింద దాచుకుంటుంది. పువ్వును ముఖాముఖిగా పట్టుకుని చూస్తే ఈ మెలిక కొన్నింటిలో గడియారం ముల్లు తిరిగే వైపుకు, కొన్నింటిలో దానికి ఎదురుగా సాగుతుంది. ఒకే మొక్క మీద రెండు రకాల పువ్వులూ పూస్తాయి. ఈ సంగతి ముందుగా చెప్పకుండా పాఠం మామూలుగా నడిపించి, చివర్లో చిత్రాలూ పువ్వుల ఫొటోలూ కలిపి పంపమనండి. నేను మొదటిసారి ఈ పరీక్ష పెట్టినప్పుడు ఒక్కటి తప్ప చిత్రాలన్నీ నా పువ్వు తిరిగిన వైపుకే తిరిగాయి. ఆ ఒక్కటి వేసిన అమ్మాయి, తనది తిరగబడిందని క్షమాపణ కూడా రాసింది. తన పువ్వును చూసి వేసినది ఆమె ఒక్కతే.

పాఠం వరుసను మార్చడం తప్ప దీనికి వేరే మందు లేదు. రెండు గంటల తరగతి అయితే మొదటి అరగంట మీ కుంచె బల్ల మీదే ఉండాలి. ఆ అరగంటలో విద్యార్థులు విభాగినితో (రెండు మొనలున్న డివైడర్‌తో) తమ పువ్వును కొలుస్తారు: రేకు పొడవు ఎన్ని మిల్లీమీటర్లు, పువ్వు మధ్య నుంచి పొడుచుకొచ్చిన కేసర నాళం రేకుల కన్నా ఎంత బయటికి వచ్చింది, దాని కొసన బొడిపెల్లాంటి కీలాగ్రాలు ఎన్ని, రక్షక పత్రాల కింద మరో వలయంగా ఉన్న సన్నని పత్రాలు ఎన్ని. ఒక్కొక్కరి చేత ఈ అంకెలు పైకి చదివించండి. కీలాగ్రాల సంఖ్య అందరికీ 5 అనే వస్తుంది, రేకు పొడవు మాత్రం ఒకరితో ఒకరికి కలవదు. ఏది జాతి లక్షణమో, ఏది ఆ ఒక్క పువ్వుకు చెందినదో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉపన్యాసం ఉండదు.

తరువాత మీరు వేసి చూపించండి, కానీ వేరే పువ్వును. వారి ముందు మందారం ఉంటే మీరు నందివర్ధనం పెట్టుకోండి. పెన్సిల్‌తో మొదట మధ్యరేఖ గీయడం, పువ్వు నోటిని దీర్ఘవృత్తంగా కుదించడం, రేకుల కొసలను ఆ దీర్ఘవృత్తం మీద గుర్తు పెట్టుకోవడం అనే పద్ధతి రెండింటికీ ఒక్కటే కాబట్టి పాఠం అందుతుంది; పువ్వు వేరు కాబట్టి నకలుకు మాత్రం వీలుండదు. మొదటి రెండు వారాలు విద్యార్థులు విసుక్కుంటారు. చిత్రం పూర్తి కాలేదని ఒకరిద్దరు మానేసినా నేను ఆశ్చర్యపోను.

ప్రశ్న: నేను కలిపిన రంగు కాగితం మీద ఒకలా, విద్యార్థుల తెర మీద మరొకలా కనిపిస్తోంది. లేత పూతలైతే అసలు కనిపించడం లేదట. ఖరీదైన కెమెరా కొనాలా?

జవాబు: అక్కర్లేదు, ఫోను కెమెరా చాలు. దాని సొంత తెలివిని ఆపితే సగం చిక్కు తీరుతుంది. కెమెరా తన ముందున్న దృశ్యం సగటున ఒక మధ్యస్థమైన వెలుగులో ఉంటుందని అనుకుంటుంది. చట్రమంతా తెల్ల కాగితమే అయితే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది, దాంతో కాగితం బూడిద రంగుకు తిరిగి, దాని మీది లేత పూత మాయమవుతుంది. రంగుల విషయంలోనూ అంతే. మీరు ఎర్రని రేకులు నింపుతూ పోయేకొద్దీ అది దృశ్యం ఎరుపెక్కిందనుకుని సవరణ మొదలుపెడుతుంది, పావుగంట క్రితం సరిగ్గా ఉన్న ఆకుపచ్చ నీలానికి జారుతుంది. అందుకని తరగతికి ముందే వెలుగునూ, తెలుపు సవరణనూ (వైట్ బ్యాలెన్స్), ఫోకస్‌నూ స్థిరంగా బిగించి ఉంచండి. ఫోకస్‌ను వదిలేస్తే చేయి అడ్డం వచ్చినప్పుడల్లా కెమెరా చేతి మీదికి పోయి, కుంచె మొనను మసకబారుస్తుంది. దీపాన్ని పగటి వెలుగుకు దగ్గరగా 5000 నుంచి 5500 కెల్విన్ మధ్య ఎంచుకోండి, రంగులను నమ్మకంగా చూపే గుణాంకం (సీఆర్ఐ) 90 దాటి ఉండేలా చూసుకోండి. కుడిచేతివాటం వారైతే దానిని ఎడమ పక్క పైన నిలపండి, అప్పుడు చేతి నీడ గీత మీద పడదు. కెమెరా మీకు ఎదురు పక్కన ఉంటే బొమ్మను తిప్పి పంపండి. విద్యార్థికి మీ చేయి తన చేయిలాగే కింది నుంచి పైకి వస్తున్నట్టు కనిపించాలి.

మిగిలిన సగం చిక్కు మాత్రం మీ చేతిలో లేదు. వీడియో కాల్‌లో వెలుగునీడల వివరం ప్రతి బిందువుకూ వెళుతుంది గానీ, రంగు వివరం సాధారణంగా నాలుగు బిందువులకు కలిపి ఒక్కటే వెళుతుంది. మాటలు వినడానికీ, ముఖాలు చూడడానికీ ఇది చాలు. ఒక రేకులో గులాబీ నుంచి ఎరుపుకు మెల్లగా మారే పూతను చూపడానికి చాలదు. అక్కడ మెట్లు మెట్లుగా గీతలు పడతాయి. అలాంటి ఘట్టం వచ్చినప్పుడల్లా వీడియో ఆపి, కాగితాన్ని ఫొటో తీసి పంపించడమే మేలు. అప్పుడు కూడా రెండు పరికరాల తెరలు ఒకే రంగు చూపుతాయని హామీ లేదు.

కాబట్టి రంగును తెర మీద చూపడం కన్నా మాటల్లోనూ అంకెల్లోనూ చెప్పడం అలవాటు చేసుకోండి. ఇది కొత్త ఉపాయం కాదు. 1801లో ఇన్వెస్టిగేటర్ అనే ఓడలో ఆస్ట్రేలియా తీరానికి వెళ్లిన ఆస్ట్రియా చిత్రకారుడు ఫెర్డినాండ్ బాయర్, మొక్క వాడిపోయేలోగా రంగులు వేసే తీరిక లేక, పెన్సిల్ గీతల మీద ప్రతి భాగానికీ ఒక రంగు సంఖ్య రాసుకునేవాడు. ఆయన వాడిన సంఖ్యలు దాదాపు వెయ్యి వరకు ఉంటాయి. కొన్నేళ్ల తరువాత లండన్‌లో కూర్చుని ఆ సంఖ్యల ఆధారంగా వేసిన చిత్రాలు ఈనాటికీ ఈ కళకు గీటురాళ్లు. ఓడకూ లండన్‌కూ మధ్య ఉన్న దూరమే మీకూ మీ విద్యార్థికీ మధ్య ఉంది.

మనకు అన్ని సంఖ్యలు అవసరం లేదు. రంగు ట్యూబు మీద కంపెనీ పెట్టుకున్న పేరుతో పాటు వర్ణకం, అంటే ఆ రంగునిచ్చే అసలు పదార్థం, సంకేతం కూడా ఉంటుంది. అల్ట్రామెరైన్ నీలం ఎవరు తయారుచేసినా దాని సంకేతం పీబీ 29 అవుతుంది. 'ఈ గులాబీ రంగు' అనే బదులు 'పీవీ 19, కుంచె నిండా నీటికి ఇంత రంగు' అని చెబితే, ఏ దేశంలో ఉన్న విద్యార్థికైనా తన పెట్టెలో ఏది తీయాలో తెలుస్తుంది. ఒక హెచ్చరిక: పీవీ 19 గులాబీ ఛాయలోనూ దొరుకుతుంది, ఊదా ఛాయలోనూ దొరుకుతుంది. అందుకే ప్రతి విద్యార్థీ తన రంగులతో తానే ఒక నమూనా పట్టీ వేసుకుని, ఆ పట్టీని పువ్వు రేకుకు ఆనించి చూసుకోవాలి. రంగు కుదిరిందో లేదో తీర్పు చెప్పవలసింది ఆ రేకు, మీరు కారు. అలిజరిన్ క్రిమ్సన్‌గా పేరుపడిన పీఆర్ 83ను మాత్రం పెట్టెలోంచి తీసేయమనండి. అది వెలుగు తగిలితే వెలిసిపోతుంది.

ప్రశ్న: తరగతి మధ్యలోనే పువ్వు వాడిపోతోంది. వారం తరువాత వచ్చే తరగతి నాటికి ఏమీ మిగలడం లేదు. ఫొటో తీసుకుని దాన్ని చూసి పూర్తి చేయమనవచ్చా?

జవాబు: ఫొటో జ్ఞాపకానికి తోడుగా ఉంటే మంచిదే, దానినే ఆధారం చేసుకుంటే మళ్లీ మొదటి ఉత్తరంలోని చిక్కే వస్తుంది. ఒంటికన్ను కెమెరా దగ్గరి రేకును పెద్దదిగా, దూరపు రేకును చిన్నదిగా చేస్తుంది, నీడలో ఉన్న ఈనెలను నలుపులో కలిపేస్తుంది. పైగా అది ఇతరులు తీసిన ఫొటో అయితే హక్కుల సమస్య కూడా ఉంటుంది.

మందారం సాధారణంగా ఒక్కరోజు పువ్వు. అందుకని మొదటి తరగతిలో చిత్రం మొదలుపెట్టనివ్వకుండా ఒక పరిశీలన పత్రం చేయించండి: కొలతలు, నమూనా పట్టీలు, రెండు మూడు కోణాల్లో పెన్సిల్ గీతలు, చివర్లో పదునైన బ్లేడుతో పువ్వును నిలువుగా చీల్చి లోపలి అమరిక. ఆ తరువాత పువ్వు వాడినా నష్టం లేదు. అదే మొక్క మీద మరునాడు విచ్చిన పువ్వుతో పోల్చుకుంటూ చిత్రం పూర్తి చేయవచ్చు, వృత్తిచిత్రకారులూ చేసేది అదే. కోసిన కొమ్మను తడి కాగితంలో చుట్టి, మూత బిగుతుగా ఉండే డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే ఆకులు, మొగ్గలు కొన్ని రోజులు నిలుస్తాయి. వేసే వరుస ఎప్పుడూ పువ్వుతో మొదలవ్వాలి, ఆకులు ఆగగలవు.

ప్రశ్న: విద్యార్థులు పంపే ఫొటోలను చూసి తప్పులు దిద్దుతున్నాను. నేను దిద్దినంత వరకు సరిచేసుకుని, తరువాతి చిత్రంలో మళ్లీ అదే తప్పు చేస్తున్నారు. ముఖ్యంగా వంపు తిరిగిన ఆకులు.

జవాబు: మీరు గీతను దిద్దుతున్నారు, తప్పు గీతకు ముందే జరిగింది. మడత పడిన ఆకును వేసేటప్పుడు చాలామంది అంచు వెంట కన్ను నడిపి, మధ్య ఈనెను చివర్లో అందాజాగా అతికిస్తారు. అప్పుడది మడత దగ్గర విరిగినట్టు కనిపిస్తుంది. నిజానికి మడత వెనక కనపడకుండా పోయిన ఈనె, అవతలి పక్క తేలినప్పుడు అదే వంపును కొనసాగిస్తుంది. దీనిని మాటల్లో ఎంత చెప్పినా ఎక్కదు. ఆకు ఆకారంలో ఒక కాగితం కత్తిరించి, రెండు వైపులా మధ్య ఈనెనూ పక్క ఈనెలనూ గీసి, వేలితో వంచి, కెమెరా ముందు మెల్లగా తిప్పమనండి. తన చేతిలోని కాగితపు ఆకు మీద ఈనె దాగి మళ్లీ తేలడం చూసినవారు ఆ తప్పు రెండోసారి చేయడం అరుదు.

దిద్దడానికి పంపే ఫొటోల గురించి కూడా కొన్ని నియమాలు పెట్టుకోండి. కెమెరా కాగితానికి సమాంతరంగా ఉండాలి, దగ్గరికి పోకుండా కాస్త దూరం నుంచి తీయాలి, పక్కన స్కేలూ అసలు మొక్కా రెండూ కనిపించాలి. మొక్క లేని ఫొటోను నేను చూడనే చూడను. చిత్రం దేనికి దగ్గరగా ఉందో తెలియకుండా బాగుందనో బాగాలేదనో ఎలా అనగలం? పెన్సిల్ దశలోనే ఒకసారి తప్పక చూడండి. నునుపైన 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) కాగితం మీద రంగు వేశాక గీతను మార్చడం దాదాపు అసాధ్యం.

ప్రశ్న: వృక్షశాస్త్రం చదవని నేను ఈ విద్య నేర్పవచ్చా?

జవాబు: నేర్పవచ్చు. అయితే చిత్రంలో ఏది తప్పకుండా కనిపించాలో తెలిసి ఉండాలి: ఆకులు కొమ్మకు ఏకాంతరంగా (కణుపుకు ఒక్కటి చొప్పున) ఉన్నాయా, ఎదురెదురుగా ఉన్నాయా, వలయంగా ఉన్నాయా, ఈనెలు ఎలా అల్లుకున్నాయి, కేసరాలు దేనికి అంటుకుని ఉన్నాయి. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం ఒకటి, డిగ్రీ స్థాయి వృక్షశాస్త్ర పాఠ్యపుస్తకంలో పుష్పవర్ణన అధ్యాయం ఒకటి దగ్గర ఉంచుకోండి. 1787లో విలియం కర్టిస్ మొదలుపెట్టిన వృక్షశాస్త్ర పత్రికలోని పాత చిత్రాలు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో ఉచితంగా చూడవచ్చు. ఒక్కో చిత్రంలో ఏ భాగాన్ని విడదీసి పెద్దది చేసి చూపారో గమనిస్తే, శాస్త్రానికి ఏది కావాలో అర్థమవుతుంది. అలా పెద్దది చేసిన భాగం పక్కన 'రెండు రెట్లు' అని రాయించకండి. చిత్రం ఫోను తెర మీద కుదించుకుపోగానే ఆ మాట అబద్ధమవుతుంది. దానికి బదులు 10 మిల్లీమీటర్ల కొలత గీత ఒకటి గీయిస్తే, చిత్రం ఎంత పెరిగినా ఎంత తగ్గినా గీత కూడా దానితో పాటే పెరుగుతుంది, తగ్గుతుంది.