మెకానికల్ చదివే అమ్మాయి, మంచు ఉపగ్రహాల పరిశోధన

ప్రశ్న: మా అమ్మాయి వరంగల్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. గురుగ్రహపు ఉపగ్రహాల మంచు పొరల్లోనూ, రాతి గ్రహాల లోపలా వేడి ఎలా కదులుతుందో కంప్యూటర్‌లో లెక్కించే పరిశోధన చేస్తానంటోంది. అందుకు బీటెక్ మానేసి ఫిజిక్స్‌లో చేరాలా? ఉపాధి ఉంటుందా? – ఒక తండ్రి, ఖమ్మం

సమాధానం: బీటెక్ మానవలసిన అవసరం లేదండీ. ఈ పరిశోధన పేరుకు గ్రహాలకు సంబంధించినదైనా, దాని పునాది మీ అమ్మాయి చదివే ఫ్లూయిడ్ మెకానిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్, న్యూమరికల్ మెథడ్స్‌లోనే ఉంది.

గురుగ్రహపు ఉపగ్రహమైన యూరోపానే తీసుకుందాం. దాని ఉపరితలం సుమారు మైనస్ 170 డిగ్రీల చలిలో ఉంటుంది. మంచు పొర అడుగున, సముద్రం ఉందని శాస్త్రవేత్తలు భావిస్తున్న చోట, ఉష్ణోగ్రత మంచు కరిగే స్థితికి దగ్గరగా ఉంటుంది. గురుగ్రహపు ఆకర్షణ ఆ ఉపగ్రహాన్ని నిరంతరం సాగదీసి వదులుతూ లోపల వేడి పుట్టిస్తుంది. మంచు ఘనపదార్థమే అయినా, దీర్ఘకాలంలో అతి చిక్కని ద్రవంలా మెల్లగా కదలగలదు కనుక, పొర తగినంత మందంగా ఉంటే అడుగున వేడెక్కిన భాగం పైకి లేచి, చల్లబడిన భాగం కిందికి దిగుతుంది. సుమారు 2,900 కిలోమీటర్ల మందమున్న భూ ప్రావారంలోని (పైపెంకుకూ కేంద్రభాగానికీ మధ్యనున్న పొర) శిలలోనూ ఇదే ఉష్ణ సంవహనం జరుగుతోంది. మౌలిక సమీకరణాలు రెండింటికీ ఒకటే. గురుత్వం, మందం, స్నిగ్ధత (చిక్కదనం) మాత్రం మారతాయి. అసలు చిక్కు స్నిగ్ధతతోనే వస్తుంది. చల్లబడేకొద్దీ అది లక్షల రెట్లు పెరగడంతో పై పొర కదలిక లేని మూతలా బిగుసుకుపోయి, సంవహనం దాని కిందనే సాగుతుంది. అంగారకుడి పై పొర నేడు అలాంటి మూతే. భూమి పై పొర మాత్రం పలకలుగా విడిపోయి కదులుతోంది. ఈ తేడా ఎందుకొచ్చిందన్న ప్రశ్నకు పూర్తి జవాబు ఇంకా దొరకలేదు. ఒక యువ పరిశోధకురాలు జీవితాన్ని వెచ్చించదగిన ప్రశ్న అది అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

అయితే ఆ ఇష్టాన్ని ఈ వేసవిలో పనితో పరీక్షించుకోమనండి. ఒక చతురస్రపు పెట్టె, అడుగున వేడి, పైన చల్లదనం, స్థిరమైన స్నిగ్ధత, ఘర్షణ లేని అంచులు, జడత్వం లెక్కలోకి రానంత నెమ్మదైన ప్రవాహం, రేలీ సంఖ్య (సంవహనం ఎంత బలంగా సాగుతుందో తెలిపే కొలత) 10,000: ఇంతమాత్రపు నమూనాను పైథాన్‌లో తానే రాయాలి. ప్రవాహం స్థిరపడ్డాక నస్సెల్ట్ సంఖ్య 4.88 రావాలని 1989లో ప్రచురితమైన ప్రామాణిక పోలిక చెబుతోంది. అంటే ఉష్ణ వహనం (పదార్థం కదలకుండానే వేడి పాకడం) ఒక్కటే ఉన్నప్పటికంటే 4.88 రెట్లు వేడి పైకి చేరుతుందన్నమాట. తన ప్రోగ్రాముకు 5.3 వస్తే, గ్రిడ్ (లెక్క కోసం పెట్టెను విభజించిన గడులు) ముతకగా ఉందా, పై అంచు దగ్గర ఉష్ణోగ్రత వాలును తప్పుగా లెక్కించిందా అని రోజుల తరబడి వెతకవలసి వస్తుంది. ఈ రంగంలో నిత్యం ఉండే పని చాలావరకు ఇదే. ఆ వెతుకులాట నచ్చితే, ఇలాంటి సంవహనాన్ని లెక్కించే, ఉచితంగా దొరికే ఆస్పెక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌కు వెళ్లవచ్చు. దానికి లినక్స్, సి ప్లస్ ప్లస్ అలవాటు కావాలి.

తర్వాత గేట్ రాసి, బెంగళూరు ఐఐఎస్‌సీలో గాని ఐఐటీలలో గాని భూ విజ్ఞాన విభాగాల వైపు వెళ్లవచ్చు. అహ్మదాబాద్‌లోని పీఆర్‌ఎల్‌ (ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ)లో గ్రహ శాస్త్ర పరిశోధన జరుగుతోంది. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ భూ అంతర్భాగంపై పనిచేసే సంస్థ. మీకు దగ్గర కూడా. విదేశాల్లో జ్యూరిక్ ఈటీహెచ్, బెర్లిన్‌లోని జర్మన్ అంతరిక్ష సంస్థ ఈ విషయంలో పేరున్నవి.

ఉపాధి సంగతి దాచకుండా చెప్పాలి. కేవలం ఈ అంశానికే కేటాయించిన ఉద్యోగాలు మన దేశంలో చాలా తక్కువ. పీహెచ్‌డీకి సుమారు ఐదేళ్లు, ఆపైన కొన్నేళ్లు, బహుశా విదేశాల్లో, తాత్కాలిక పరిశోధన. స్థిరమైన పదవి ముప్పై దాటాకే రావచ్చు. 2023 నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు గనుక చదువు భారం మీ మీద పడదు, కానీ పెళ్లి మాటలతో ఆ సంవత్సరాలను తొందరపెట్టవద్దని నా మనవి. దారి మార్చుకోవలసి వచ్చినా, కృత్రిమ ఉపగ్రహాల ఉష్ణ నియంత్రణ, విద్యుత్ వాహనాల బ్యాటరీలను చల్లబరచడం వంటి పనులకు ఈ నైపుణ్యం సరిగ్గా సరిపోతుంది.

కాలం కూడా ఆమెకు అనుకూలంగా ఉంది. 2024 అక్టోబరులో బయలుదేరిన యూరోపా క్లిప్పర్ వ్యోమనౌక 2030లోను, 2023లో బయలుదేరిన జ్యూస్ వ్యోమనౌక 2031లోను గురుగ్రహాన్ని చేరవలసి ఉంది. ఆ సమాచారం అందే నాటికి ఆమె పరిశోధనలో ఉంటుంది.

ఆమెకు లోటుగా ఉండేది భూభౌతిక శాస్త్రం. ఎలక్టివ్‌గా దొరికితే తీసుకోవాలి, లేకుంటే ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ పాఠాలు వినవచ్చు. మూడో సంవత్సరం వేసవి ప్రాజెక్టు కోసం ఆచార్యులకు అంతకు ముందు శీతాకాలంలోనే ఉత్తరం రాసి, మార్కుల జాబితాతో పాటు తన ప్రోగ్రామును, గ్రిడ్ మార్చినప్పుడల్లా వచ్చిన నస్సెల్ట్ సంఖ్యల పట్టికను జతచేయాలి.