కుంపటి దగ్గర కాసేపు కూర్చో

అమ్మాయీ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి కోపంతో. యెరూషలేము కూలిపోవడం రాస్తూ మొదటి పేజీ నుంచి దేవుడి చేత ఉరిమిస్తూనే ఉన్నావు. 'ఉగ్రత' అనే మాట లెక్కపెడితే 23 చోట్ల తేలింది. ఇరవై మూడో ఉరుముకి ఎవరు ఉలిక్కిపడతారు?

బైబిల్లో ప్రవక్త యిర్మీయా గ్రంథం 36వ అధ్యాయం మళ్లీ తియ్యి. యూదా రాజు యెహోయాకీము ఏలుబడిలో ఐదో ఏడు, తొమ్మిదో నెల. రాజు చలికాలపు నగరులో కుంపటి ముందు కూర్చున్నాడు. యిర్మీయా హెచ్చరికలున్న గ్రంథపు చుట్టలోంచి, కొలువులోని యెహూది మూడు నాలుగు పుటలు చదవగానే రాజు ఆ మేరకు చాకుతో కోసి నిప్పుల్లో పడేస్తున్నాడు. ముగ్గురు వద్దని బతిమాలినా వినలేదు. చుట్ట మొత్తం బూడిదయింది. దేవుణ్ణి కాదనడం అంటే అదీ, చలి కాచుకుంటూ, తీరిగ్గా. నువ్వు విగ్రహాలకి రెండు పేజీలిచ్చి ఈ కుంపటికి ఒక్క వాక్యం విదిల్చావు!

క్రీ.పూ. 586లో బబులోనువాళ్ల చేతిలో పట్టణం పడింది. అప్పటి రాజు సిద్కియా చూస్తుండగా అతని కొడుకుల్ని చంపి, తర్వాత అతని కళ్లు పీకించారు. గ్రంథంలో అది రెండు ముక్కలే. ఒక్క విశేషణం లేదు.

హెచ్చరించేవాడూ ఆ జనంలో ఒకడే, అది మర్చిపోయావు. పట్టణం పోతుందన్న నోటితోనే, ముట్టడి మధ్యలో, తాను ఖైదులో ఉండి, యిర్మీయా తన సొంతూరు అనాతోతులో 17 తులాల వెండికి పొలం కొన్నాడు. పత్రాలు మట్టికుండలో దాయించాడు. నీ ప్రవక్త పొలం కొనే మనిషేనా? తిట్టి చేతులు దులుపుకునే రకంలా ఉన్నాడు.

నేనూ ఓసారి యిర్మీయాని దించిన బురదగోతి మీద కథ రాశాను. పైకి లాగేటప్పుడు రాజనగరులో పనిచేసే ఎబెద్మెలెకు తాళ్లతో పాటు పాత గుడ్డపేలికలు కూడా దించుతాడు, తాడు ఒరుసుకోకుండా చంకల్లో పెట్టుకోమని. ఓ సంపాదకుడు 'అనవసరం' అని సరిగ్గా ఆ పేలికలే కొట్టేసి, చివర సొంత నీతి పేరా అతికించి అచ్చేశాడు. చదివినవాళ్లంతా నన్ను ఆ పేరాకే మెచ్చుకున్నారు. నలభై ఏళ్లయినా ఇంకా మండుతోంది.

నువ్వడిగిన కలం పేరు సంగతి తర్వాత చూద్దాం. నీ కథలో యెహూది వేళ్లు ఊదుకుంటూ పుట విప్పే వాక్యం మాత్రం ముట్టుకోకు. రాజు తగలబెట్టాక యిర్మీయా లేఖకుడు బారూకు మళ్లీ సిరా తీసి రాశాడు, రెండో చుట్టలో అలాంటి మాటలు ఇంకా చాలా చేరాయి. నువ్వు సగానికి తగ్గించి పంపు.

మీ మాస్టారు