తిలాపియా చెరువులో ఆడచేపలు: ఇప్పుడు మందు పెడితే మగవవుతాయా?

సందేహం: అన్నీ మగవే అంటే నమ్మి రెండెకరాల చెరువులో గిఫ్ట్ అనే మేలురకం తిలాపియా సీడ్ (చేపపిల్లలు) వేశాను. మూడు నెలలు దాటింది. ఇప్పుడు గట్టు పక్కన బుల్లి పిల్లలు గుంపులుగా తిరుగుతున్నాయి. అరోమటేజ్ అనే ఎంజైమును ఆపే మాత్రలు మేతలో కలిపితే ఆడవి మగవైపోతాయని ఒక వీడియోలో చెప్పారు. కలపమంటారా?
– ఒక రైతు, కైకలూరు

సమాధానం: కలపొద్దండి. వీడియోలో చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, కానీ మీ చెరువుకు పనికిరాదు.

మగ హార్మోను టెస్టోస్టిరాన్‌ను ఆడ హార్మోను ఈస్ట్రడయాల్‌గా మార్చేది అరోమటేజే. తిలాపియా పిల్లలో ఈ ఎంజైము పనిచేస్తే అండాశయం తయారవుతుంది, పనిచేయకపోతే వృషణాలు వస్తాయి. ఇదంతా గుడ్డు పగిలాక మొదటి నెలలోనే తేలిపోతుంది. అందుకే హేచరీలో పిల్ల మేత అందుకున్న రోజు నుంచి 21–28 రోజులు, కిలో మేతకు 60 మిల్లీగ్రాముల మిథైల్ టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను పొడి కలిపి పెడతారు. దాంతో అరోమటేజ్ అణిగిపోతుంది. ఆ వయసులో నీటి వేడి 36 డిగ్రీలు ఉన్నా చాలావరకు ఇలాగే జరుగుతుంది.

పెరిగిన ఆడచేపలకు అరోమటేజ్‌ను ఆపే మందు నెలల తరబడి ఇచ్చి మగవిగా మార్చిన ప్రయోగాలు ఉన్నాయి. అవి తొట్లలో చేసినవి. అలాంటి మాత్రలు రొమ్ము క్యాన్సర్ రోగులకు ఇచ్చేవి. రేపు జనం తినే చేపకు వాటిని పెట్టడం ఏ రకంగానూ సరికాదు. పోనీ హార్మోను పొడే కలుపుదామంటే, అరోమటేజ్ దాన్ని కూడా ఆడ హార్మోనుగా మార్చగలదు. అమెరికాలో పెంచే ఛానల్ క్యాట్‌ఫిష్ పిల్లలకు మగ హార్మోను పెడితే అవి ఆడవయ్యాయి!

మరి మీ సీడ్‌లో ఆడవి ఎలా వచ్చాయి? వేరువేరు వయసుల పిల్లలను కలిపేసినా, మందు మేత ఎండలో ఉంచినా, పిల్లలు మేత వదిలి ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు) తిన్నా కొన్ని ఆడవి మిగిలిపోతాయి. వందకు ఐదు మిగిలినా చాలు, ఒక్కో ఈతకు వందల పిల్లలు. పైగా తల్లి గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, అన్నాళ్లూ మేత ముట్టదు, ఎదగదు. అయితే సీడ్ ఇచ్చినవాళ్లను అనేముందు ఒకటి చూడండి. కాలువ నీటితో పాత మొజాంబిక్ తిలాపియా వచ్చి ఉండొచ్చు. గిఫ్ట్ చేపకు తోక రెక్క మీద నిలువు చారలు స్పష్టంగా ఉంటాయి, దానికి అలా ఉండవు.

ఇప్పుడు చేయాల్సింది వల లాగి ఆడవాటిని ఏరడం. చేపను తడిగుడ్డలో వెల్లకిలా పట్టుకుని మలద్వారం వెనకున్న చిన్న బుడిపె చూడండి. మగదానికి మలద్వారంతో కలిపి రెండు రంధ్రాలే ఉంటాయి. ఆడదానికి మూడు, మధ్యలో అడ్డంగా చిన్న చీలిక. సరిగా కనిపించకపోతే అక్కడ ఒక చుక్క మిథిలిన్ బ్లూ అనే నీలి రంగు అద్దండి, చీలిక తేలుతుంది. ఒక పూట కూర్చుంటే కూలీలకు చెయ్యి తిరుగుతుంది. ఏరిన ఆడవాటిని వెంటనే అమ్మేయండి.

పిల్లలను తినడానికి పండుగొప్ప గానీ కొరమీను గానీ వదలండి. అవి మీ తిలాపియా కన్నా బాగా చిన్న సైజులో ఉండాలి, లేకపోతే పెంచిన చేపనే తింటాయి. పట్టుబడి కూడా ముందుకు జరపండి. గుంపు పెరిగేకొద్దీ మేత ఖర్చు పెరుగుతుంది గానీ చేపకు సైజు రాదు.

తర్వాతి పంటకు ముందు చెరువు పూర్తిగా ఎండగట్టి, గుంటల్లో మిగిలిన నీళ్లకు బ్లీచింగ్ వేయండి. తూముకు సన్నకన్ను వల రెండు పొరలు కట్టండి. అనుమతి ఉన్న హేచరీ సీడే కొనండి, విజయవాడ దగ్గర మణికొండలో రాజీవ్‌గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రానికి గిఫ్ట్ యూనిట్ ఉంది. చేప 30–40 గ్రాములకు రాగానే ఒక వంద పట్టి ఇలాగే తిప్పి చూసుకోండి.