అద్దె కారు ఖర్చు అద్దెతో ఆగదు

ప్రశ్న: హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. వయసు 36. నెలకు చేతికి 68,000 వస్తుంది, అన్నీ పోగా 9,000 మిగులుతుంది. బ్యాంకులో 22,000 ఉన్నాయి. ఆఫీసు తరఫున 3 లక్షల ఆరోగ్య బీమా ఉంది. దసరా సెలవుల్లో భార్య, ఇద్దరు పిల్లలు, నాన్న, మా బావమరిదితో కలిసి ఏడు సీట్ల సెల్ఫ్ డ్రైవ్ కారులో శ్రీశైలం, అహోబిలం, గండికోట, బెలూం గుహలు, యాగంటి చూసి కర్నూలు మీదుగా రావాలనుకుంటున్నాం. నాలుగు రోజుల అద్దె 18,000, డీజిల్ 7,000, గదులు 9,000, భోజనాలు 6,000, తిరిగిచ్చే డిపాజిట్ 10,000. అద్దెను క్రెడిట్ కార్డు మీద ఆరు నెలల ఈఎమ్ఐగా మార్చి, డిపాజిట్ యూపీఐలోనే కట్టాలన్నారు కాబట్టి దానికి కార్డు నుంచి నగదు తీస్తాను. కార్డు పరిమితి 60,000. లేదంటే ఫోన్‌లో 30,000 తక్షణ రుణం సిద్ధంగా ఉంది. తెలిసినవారి సొంత కారు రోజుకు 2,500కే ఇస్తామంటున్నారు కూడా. ఏది మంచిది? రోజుకు 500 అదనంగా కడితే ఇచ్చే డ్యామేజ్ ప్రొటెక్షన్ అవసరమా? అద్దె ఒప్పందం, ఇంటి ఖర్చులు, బుకింగ్ వివరాలు ఈ ఉత్తరంతో జతచేశాను.

జవాబు: సెలవులు దగ్గరపడితే చాలామంది ఇలాగే లెక్క వేస్తారు. ఖర్చులు కూడి, తగ్గినదానికి అప్పు ఎక్కడ దొరుకుతుందో చూస్తారు. నాలుగు రోజుల పాటు లక్షల ఖరీదైన పరాయి కారు మీ సంతకం మీద, మీ పూచీ మీద తిరుగుతుందన్నది ఆ లెక్కలోకి రాదు. మీకు ఇంత వివరంగా రాస్తున్నది అందుకే. మీరు అడిగిన మూడు అప్పు దారుల్లో ఏదీ ఎంచుకోవద్దు. ఈ దసరాకు ఈ ప్రయాణం మానుకోండి.

ఈఎమ్ఐ వడ్డీ చూసి నేను ఈ మాట అనడం లేదు. 18,000కు 16 శాతం వడ్డీ, 199 ప్రాసెసింగ్ రుసుము అనుకుంటే, జీఎస్టీతో కలిపి ఆరు నెలల్లో అదనంగా కట్టేది 1,250 దాటదు. డిపాజిట్ కోసం తీసే నగదే అసలు దండగ. కార్డు నుంచి నగదు తీస్తే ఒక్క రోజు కూడా గడువుండదు, తీసిన రోజు నుంచే వడ్డీ. కనీస రుసుము 500, నెలకు మూడున్నర శాతం వడ్డీ, ఆ రెంటి మీదా జీఎస్టీ లెక్కేస్తే 10,000 నెల రోజులు వాడుకున్నందుకు వెయ్యి రూపాయలు పోతాయి. పైగా డిపాజిట్ కారు తిరిగిచ్చిన రోజే చేతికి రాదు. టోల్, ఈ-చలాన్, గీతల లెక్క తేలాకే ఇస్తారు.

ఇక అసలు విషయం. మీరు పంపిన ఒప్పందంలో మూడు షరతులున్నాయి. ప్రొటెక్షన్ తీసుకోకపోతే రిపేరు ఖర్చులో 25,000 వరకు మీదే. కారు షెడ్డులో ఉన్నన్ని రోజులూ రోజు అద్దె మీరే కట్టాలి. టోయింగ్ ఖర్చు ఎంతయితే అంత మీదే. జమ్మలమడుగు దగ్గర చీకట్లో గేదె అడ్డం వచ్చి బంపర్, హెడ్‌లైట్, రేడియేటర్ పోయాయనుకుందాం. రిపేరులో మీ వాటా 25,000. షెడ్డులో అయిదు రోజులకు 22,500. హైదరాబాద్ దాకా లాక్కురావడానికి 10,000 వేసుకోండి. మొత్తం 57,500. డిపాజిట్ పోగా ఇంకా 47,500 కట్టాలి. బ్యాంకులో ఉన్న 22,000 అప్పటికే గదులకు, డీజిల్‌కు, భోజనాలకు అయిపోయి ఉంటుంది. కార్డు మీద మిగిలింది 32,000. పిల్లలతో, పెద్దాయనతో తెలియని ఊళ్లో నిలబడి 15,500 కోసం ఎవరికి ఫోన్ చేస్తారు? ఆ గంటలోనే మనుషులు ఎంత వడ్డీకైనా ఒప్పుకుంటారు.

మీకు అత్యవసర నిధి లేదు. ఉన్న 22,000 మీ ఇంటికి పదిహేను రోజుల ఖర్చు. కార్డు పరిమితినే అత్యవసర నిధి అనుకుంటున్నారు, ఇప్పుడు అందులో సగానికి దగ్గరగా ప్రయాణానికి ముందే వాడేయబోతున్నారు. ఇంటి అద్దె, స్కూలు ఫీజు, సరుకులు, నాన్నగారి మందులు కలిపి మీ తప్పనిసరి ఖర్చు నెలకు 45,000 అని రాశారు. మూడు నెలలకు 1,35,000. సెల్ఫ్ డ్రైవ్ కారు ప్రయాణం ఆ మొత్తం పక్కన ఉన్నాకే. ఎక్కడ పెట్టాలన్నది పెద్ద చర్చ కాదు. స్వీప్ ఇన్ ఖాతాలోనో (మిగులు సొమ్ము దానంతటదే ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా మారే ఖాతా) లిక్విడ్ ఫండ్‌లోనో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్), ఏటీఎం కార్డు లేని వేరే ఖాతాలో ఉంటే చాలు.

తక్షణ రుణం గురించి ఒక్క మాటే. విహారానికి యాప్‌లో అప్పు చేయకండి. రుణం షరతులు రాసిచ్చే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో ఏపీఆర్ అనే అంకె, అంటే రుసుములు కూడా కలిపిన ఏడాది వడ్డీ రేటు చూస్తే ఎందుకన్నానో మీకే తెలుస్తుంది.

సొంత కారు రోజుకు 2,500కు ఇస్తామన్న మాట విని నాకు ఎక్కువ భయమేసింది. తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే అది సొంత వాడకానికి రిజిస్టరైన బండి. దాని పాలసీలోనే అద్దెకు తిప్పకూడదని రాసి ఉంటుంది. డబ్బు తీసుకుని ఇచ్చారని తేలిన రోజు బండి నష్టానికి క్లెయిమ్ రాదు. ఎదుటి మనిషికి ప్రాణం పోతే, బీమా కంపెనీ బాధిత కుటుంబానికి చెల్లించి ఆ మొత్తాన్ని యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు ఆదేశించిన సందర్భాలున్నాయి. ఆ యజమాని మీ దగ్గరకే వస్తాడు. రోజుకు రెండు వేలు మిగుల్చుకోబోయి ఇల్లు అమ్ముకునేంత బాధ్యత నెత్తిన పెట్టుకోవద్దు. సెల్ఫ్ డ్రైవ్‌కు అనుమతి ఉన్న బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే అది డ్రైవర్‌తో వచ్చే టాక్సీ. డబ్బు కట్టకముందే నంబర్ ప్లేటు ఫొటో అడగండి. మీరు తెలంగాణ దాటి ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్తున్నారు కాబట్టి అక్కడి పర్మిట్, పన్ను రసీదు కారులో ఉన్నాయా లేదా అని కూడా అడగాలి.

చాలామందికి తెలియని మరో సంగతి. కారు పాలసీలో కనిపించే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఆ కారు యజమానికే, అద్దెకు తీసుకున్న మీకు కాదు. అరువు తెచ్చుకున్న బండి నడిపే మనిషి యజమాని స్థానంలో ఉన్నట్టేనని 2009లో నింగమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తప్పు ఎవరిదో చూడకుండా ఇచ్చే పరిహారం ఆ కుటుంబానికి వర్తించదంది. కారులో కూర్చున్నవారికి పరిహారం అడిగే దారి ఉంటుంది, స్టీరింగ్ పట్టిన మీకు ఆ దారి చాలా ఇరుకు. అయిదుగురు మీ జీతం మీదో మీ డ్రైవింగ్ మీదో ఆధారపడి ఉండగా, మీ పేరు మీద ప్రమాద బీమా లేకుండా ఘాట్ రోడ్డు ఎక్కడం నాకు మింగుడుపడటం లేదు.

అందుకే ప్రయాణం ఉన్నా లేకపోయినా ఈ వారంలో రెండు పనులు చేయండి. బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేరండి. ఏడాదికి 20 రూపాయలు, 2 లక్షల రక్షణ. మీరు, మీ భార్య ఇద్దరూ చేరండి. అది చాలదు కాబట్టి సరళ్ సురక్షా బీమా తీసుకోండి. ఏ కంపెనీలో కొన్నా ప్రాథమిక షరతులు ఒకటే, రెండున్నర లక్షల నుంచి కోటి దాకా ఎంచుకోవచ్చు. మీకు 25 లక్షలకు తగ్గకూడదు. ప్రమాదంలో మరణానికే కాదు, శాశ్వత వైకల్యానికీ డబ్బు వస్తుంది. కాలు పోయి ఉద్యోగం పోతే మరణానికే డబ్బిచ్చే మామూలు టర్మ్ పాలసీ పైసా ఇవ్వదు. తాత్కాలికంగా పనికి వెళ్లలేని వారాలకు డబ్బిచ్చే అదనపు రక్షణ కూడా అందులో కలుపుకోండి. టర్మ్ పాలసీ కూడా లేదన్నారు, కోటికి తీసుకోవాలి. నాన్నగారు ఆఫీసు ఆరోగ్య పాలసీలో ఉన్నారో లేదో చూసి, లేకపోతే చేర్పించండి.

రోజుకు 500 ప్రొటెక్షన్ సంగతి. ఎప్పుడు సెల్ఫ్ డ్రైవ్ తీసుకున్నా అది తీసుకోండి. నాలుగు రోజులకు 2,000 కడితే మీ రిపేరు వాటా 25,000 నుంచి 5,000కు తగ్గుతుంది. కానీ అది అన్నిటికీ కాదు. మీ ఒప్పందంలో టైర్లు, రిమ్ములు, కారు అడుగుభాగం, తాళం చెవి, ఇంజిన్‌లోకి నీళ్లు పోవడం మినహాయించారు. మీరు వెళ్లే దారిలో ఎక్కువగా పాడయ్యేవి అవే. బనగానపల్లె, కొలిమిగుండ్ల వైపు నాపరాయి గనుల లారీలు తిరిగే రోడ్ల మీద అడుగు తగులుతుంది, రిమ్ము వంగుతుంది. దసరా నాటికి ఇంకా వానలుంటాయి. వాగు పొంగి కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే ఆగిపోవాలి. నీళ్లలో ఆగిన ఇంజిన్‌ను మళ్లీ స్టార్ట్ చేస్తే సిలిండర్‌లో చేరిన నీళ్లకు కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. ప్రత్యేక ఇంజిన్ రక్షణ లేని పాలసీ ఆ నష్టాన్ని భరించదు. ఆ బిల్లు లక్షల్లో ఉంటుంది.

బావమరిది కూడా నడుపుతాడన్నారు. ఒప్పందంలో రెండో డ్రైవర్‌గా ఆయన పేరు, లైసెన్సు నమోదు కాకపోతే ఆయన స్టీరింగ్ పట్టిన క్షణం నుంచి ప్రొటెక్షన్ లేనట్టే. నమోదు చేయించకపోతే మొత్తం దూరం మీరే నడపాలి.

మీ లెక్కలో కొన్ని ఖర్చులు తప్పిపోయాయి. రోజుకు 200 కిలోమీటర్ల చొప్పున నాలుగు రోజులకు 800 ఇస్తున్నారు. మీ దారి, స్థానికంగా తిరిగేది కలిపితే వెయ్యి అవుతుంది. అదనపు 200 కిలోమీటర్లకు 12 రూపాయల చొప్పున 2,400. కర్నూలు నుంచి వచ్చేటప్పుడు జాతీయ రహదారి 44 మీద టోల్ ఉంది. శుక్రవారం సాయంత్రం ఆరింటికి కారు తీసుకుంటామన్నారు. శ్రీశైలం దారిలో నల్లమల అడవిలోకి వెళ్లే మన్ననూరు చెక్‌పోస్టు గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది. పండగ ట్రాఫిక్‌లో నగరం దాటి 130 కిలోమీటర్లకు పైగా నడిపి తొమ్మిదిలోపు అక్కడికి చేరడం కష్టం. ఒక రాత్రి అద్దె కట్టి కారును గేటు బయట నిలబెట్టినట్టవుతుంది. శనివారం తెల్లవారుజామున కారు చేతికొచ్చేలా బుక్ చేసుకోవాల్సింది.

కారు ఎప్పుడు తీసుకున్నా పగటి వెలుగులో వీడియో తీయండి. నంబర్ ప్లేటుతో మొదలుపెట్టి ఆపకుండా చుట్టూ తిరిగి, నాలుగు రిమ్ములు, బంపర్ల కింది అంచులు, అద్దం మీది చిన్న చిట్లు, స్టెప్నీ, జాకీ చూపించి, మీటర్ రీడింగ్, ఇంధనం ముల్లు దగ్గర ముగించండి. తాళం తిరిగిచ్చేముందు అదే వరుసలో మరొకటి. డిపాజిట్ ఖాతాలో పడేదాకా రెండూ ఉంచండి. ప్రమాదం జరిగితే ముందు మనుషుల్ని ఆస్పత్రికి చేర్చి, వెంటనే అద్దె సంస్థకు ఫోన్ చేయాలి. ఎవరికైనా దెబ్బ తగిలితే పోలీసు ఫిర్యాదు తప్పనిసరి. దారిలో మెకానిక్ దగ్గర సొట్ట తీయించి గుట్టుగా తిరిగిచ్చేద్దామని చూస్తే ప్రొటెక్షన్ పోతుంది, క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడుతుంది.

మరి ఊరు చూడాలన్న కోరిక? అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అయిదు నెలలు 9,000 చొప్పున 45,000 పక్కన పడతాయి. ఇప్పటి 22,000తో కలిపితే 67,000. అందులో 45,000 నిధిలో కదలకుండా ఉండాలి. మిగిలిన 22,000తో ఫిబ్రవరిలో బస్సులో నంద్యాల చేరి, అక్కడ డ్రైవర్‌తో సహా టాక్సీ మాట్లాడుకుని అహోబిలం, బెలూం, గండికోట, యాగంటి రెండు రోజుల్లో చూడండి. శ్రీశైలం మరోసారి. కిలోమీటరు ధర, డ్రైవర్ బత్తా, రాత్రి బస ముందే మాట్లాడుకోండి. బండికి గీత పడితే అది మీ ఖర్చు కాదు. మహాశివరాత్రి వారం మాత్రం వద్దు, యాగంటి కిటకిటలాడుతుంది, గదుల ధరలు పెరుగుతాయి. సెల్ఫ్ డ్రైవ్ ప్రయాణం 1,35,000 పూర్తయిన ఏడాది పెట్టుకోండి.

ఆదివారంలోపు రద్దు చేస్తే బుకింగ్‌కు కట్టిన 2,000 తిరిగి వస్తుందని మీ ఉత్తరంలోనే ఉంది. శనివారమే రద్దు చేసి, రద్దయిన సందేశం స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఆ రెండు వేలు ఖాతాలో పడగానే ప్రమాద బీమా ప్రీమియం కింద కట్టండి.