పాలపుంత ఫోటో కావాలంటే చోటు పగలే చూసుకోండి

ప్రశ్న: టూర్లకి వెళ్లినప్పుడు కొండలు, నదులు, గుళ్లు బాగానే తీస్తాను. ఫిబ్రవరిలో గండికోటలో ఒక రాత్రి ఉన్నాం. సూర్యాస్తమయం ఫోటోలు అందరికీ నచ్చాయి. రాత్రి తొమ్మిదింటికి పెన్నా లోయ మీద పాలపుంత తీద్దామని 18-55 లెన్సుతో 30 సెకన్లు పెట్టి చూస్తే, నల్లటి ఫోటోలో మసక మసకగా నాలుగు గీతలు వచ్చాయి. పాలపుంత జాడే లేదు. పగటి ఫోటోలు చాలు, రాత్రిళ్లు పడుకోమంటారు మావారు. నా కెమెరా పనికిరాదా?
(ఒక పాఠకురాలు, కర్నూలు)

జవాబు: కెమెరా శుభ్రంగా పనికొస్తుందండీ. మీరు చూసిన వేళ, చూసిన దిక్కు, ఈ రెండే కుదరలేదు. ఫిబ్రవరిలో రాత్రి తొమ్మిదింటికి పాలపుంతలోని చిక్కటి భాగం ఇంకా ఉదయించనే ఉదయించదు, నెలాఖరుకి కూడా తెల్లవారుజామున రెండు దాటితే గానీ ఆగ్నేయాన తల ఎత్తదు. మార్చి మధ్యకి ఒంటిగంట, ఏప్రిల్ మధ్యకి పదకొండు, మే మధ్యకి తొమ్మిది, ఇలా నెలకి రెండు గంటలు ముందుకు జరుగుతుంటుంది. జూన్ నుంచి మనకి మబ్బులు. అంటే మార్చి నుంచి మే వరకు అమావాస్యకి అటూ ఇటూ వచ్చే నాలుగైదు రాత్రులే మన సీజన్, గోడ మీద క్యాలెండర్ చూసి టూర్ పెట్టుకోండి.

ఇక దిక్కు. గండికోట పెన్నాకి కుడి గట్టున, అంటే దక్షిణాన ఉంది. లోయకేసి నిలబడితే మీరు చూసేది దాదాపు ఉత్తరం, పాలపుంత నడిబొడ్డు నడిచేదేమో మీ వీపు వెనక దక్షిణాన! లోయ మీద తీయాల్సింది ధ్రువ నక్షత్రం చుట్టూ తిరిగే చుక్కల వలయాలు. మనం ఉన్న చోటు అక్షాంశం ఎంతో ధ్రువ నక్షత్రం అంత ఎత్తులోనే ఉంటుంది, గండికోటలో సుమారు 15 డిగ్రీలు, చేయి చాచి పిడికిలి బిగించి చూస్తే ఒకటిన్నర పిడికిళ్లు. అవతలి గట్టుకి కాస్త పైనే అన్నమాట. ట్రైపాడ్ కదపకుండా వరసగా గంటసేపు 30 సెకన్ల ఫోటోలు తీసి, ఇంటికొచ్చాక స్టార్‌స్టాక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కలిపితే లోయ మీద గొడుగు పట్టినట్టు వలయాలు వస్తాయి. మీరు గీతలు పడ్డాయని బాధపడుతున్నారు కదా, అవే గీతలు ఇక్కడ అందం.

ఆ తర్వాత ట్రైపాడ్‌ని దక్షిణానికి తిప్పండి. ఎర్రగా మెరిసే జ్యేష్ఠని పట్టుకుని కిందికి వస్తే కొక్కెంలా వంగిన తేలు తోక, అదే మన మూలా నక్షత్రం, దాని పక్కనే కాస్త తూర్పున పాలపుంత అన్నిటికన్నా చిక్కగా ఉంటుంది. లెన్సు 18 దగ్గర, ఎఫ్ 3.5, ఐఎస్ఓ 3200, రా ఫార్మాట్ (కెమెరా పట్టింది పట్టినట్టు దాచే ఫైలు). ఎన్ని సెకన్లు పెట్టాలో చెప్పే ఫోటోగ్రాఫర్ల లెక్క ఒకటుంది, 500ని లెన్సు 18తోనూ, మీ చిన్న సెన్సార్ కాబట్టి మళ్లీ 1.5తోనూ భాగిస్తే 18 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పెడితే చుక్క సాగుతుంది. మసకకి కారణం ఆటో ఫోకస్. మాన్యువల్‌లో పెట్టి, స్క్రీన్ మీద ఒక పెద్ద చుక్కని పదింతలు చేసి, అది సూదిమొనంత అయ్యేదాకా రింగుని వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా తిప్పండి. చుక్క ముందు బఠాణీ గింజంత ఉంటుంది, చిన్నదవుతుంది, ఒక చోట చటుక్కున మొనదేలి మళ్లీ ఉబ్బుతుంది. ఆ మొనదేలిన చోట ఆపి రింగు మీద చిన్న టేపు అంటించండి. నేను ఒకసారి టేపు వేయకపోతే బ్యాగులోంచి జాకెట్ తీసేటప్పుడు రింగు కదిలిపోయి రాత్రంతా తీసినవన్నీ పోయాయి, ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

నేల నల్లగా వస్తోందన్నదానికి, మార్చిలో తెల్లవారుజామున నాలుగింటికి ఆకాశం తీసి, ట్రైపాడ్ అలాగే ఉంచి, ఐదున్నర, ఆరు మధ్య నేల నీలంగా తేలేటప్పుడు మళ్లీ తీయండి, రెండూ కలపండి. ఇది మోసం కాదు, రెండు ఫోటోలు కలిపానని కింద ఒక మాట రాస్తే సరిపోతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. ఆ లోయ అంచున చాలాచోట్ల కంచె లేదు. సాయంత్రం వెలుగుండగానే అంచుకి బాగా వెనక్కి చోటు చూసుకుని రాయి పక్కన గుర్తు పెట్టుకోండి, చీకట్లో వ్యూఫైండర్ చూస్తూ ఒక్క అడుగు కూడా వేయొద్దు. కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది కాబట్టి రాత్రి ఎక్కడిదాకా ఉండనిస్తారో ముందే అడగండి. మీవారిని కూడా తీసుకెళ్లండి, తోడూ ఉంటుంది, ఫోన్ చూడకుండా అరగంట కూర్చుంటే కళ్లు చీకటికి అలవాటుపడి ఆయనకీ పాలపుంత కనిపిస్తుంది.

ప్రశ్న: ఆగస్టులో లద్దాఖ్ వెళ్తున్నాం. హాన్లేకి వెళ్తేనే మంచి ఫోటోలు వస్తాయా?
(ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: ఆగస్టులో మనకి వానలు, లద్దాఖ్ వర్షచ్ఛాయలో ఉంటుంది కాబట్టి అక్కడికి వెళ్లడం మంచి ఆలోచనే. హాన్లే 2022లో మన దేశపు మొదటి డార్క్ స్కై రిజర్వ్ (రాత్రి ఆకాశపు చీకటిని కాపాడే ప్రాంతం) అయింది, హిమాలయన్ చంద్ర టెలిస్కోప్ ఉన్నది అక్కడే, చీకటి అంటే ఏంటో అక్కడ తెలుస్తుంది. చాలామంది గమనించని విషయం ఒకటుంది. పాలపుంత నడిబొడ్డు అక్కడ 28 డిగ్రీల ఎత్తుకే వస్తుంది, మన గండికోటలో 46 డిగ్రీల దాకా ఎక్కుతుంది! మనకి తక్కువైంది చీకటీ, తేటగాలీ. కాబట్టి హాన్లే కుదరకపోతే టూర్ దండగ అనుకోకండి. వెళ్తే మాత్రం లేహ్‌లో కనీసం రెండు రోజులు ఉండి ఆ ఎత్తుకి అలవాటు పడ్డాకే బయల్దేరండి, హాన్లే 14,000 అడుగుల పైనే ఉంది. స్పేర్ బ్యాటరీలు చొక్కా లోపలి జేబులో పెట్టుకోండి, చలికి త్వరగా దిగిపోతాయి. కారు లైట్లు ఆర్పేయండి, పక్కన ఎవరో అరగంటగా ఫోటో తీస్తుంటారు.

ప్రశ్న: నా దగ్గర ఫోన్ మాత్రమే ఉంది సార్.
(ఒక విద్యార్థి, రాజమండ్రి)

జవాబు: అయితే అమావాస్య కాదు బాబూ, దాని తర్వాత వచ్చే చవితి, పంచమి చూసుకో. ఆ వెన్నెలకి కొండా నీళ్లూ కనిపిస్తాయి, చుక్కలూ మిగులుతాయి. ఫోన్‌ని రాయికి ఆనించి, నైట్ మోడ్, మూడు సెకన్ల టైమర్ పెట్టి చెయ్యి తీసేయ్. చంద్రుడు రాత్రి తొమ్మిది, పది మధ్య దిగిపోతాడు, ఆలోగా తీసెయ్యాలి. తీసింది మాకు పంపు.