తాతగారి హెరాల్డు కారు గురించి మేనల్లుడికి

తిరుపతి.

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

మీ తాతగారి స్టాండర్డ్ హెరాల్డు కారును తోటలోని రేకుల షెడ్డు నుంచి ఇంటికి చేర్చావనీ, దాన్ని మళ్లీ నడిచే స్థితికి తేవాలని పట్టుబట్టావనీ అక్క ఫోనులో చెప్పింది. ఆ మర్నాడే నువ్వు పంపిన ముప్పై రెండు లింకులూ అందాయి. అన్నింటినీ ఓపికగా తెరిచి చూశాను. అయిదారు పనికివస్తాయి, మిగిలినవి నీ పొద్దునూ డబ్బునూ తినేవే. ఈ కార్ల మర్మం తెలిసిన మెకానిక్కులు ఒకప్పుడు చిత్తూరులో ఉండేవారు. ఇప్పుడు వారిలో ఎవరూ మిగల్లేదు కనుక ఇంటర్నెట్టును ఆశ్రయించక తప్పదు. అయితే అందులో ఏది ముందు చూడాలో, దేన్ని ఎంతవరకు నమ్మాలో ఇలాంటి బండ్ల కింద నలభై ఏళ్లు పడుకున్నవాడిగా నాకు తోచినంత రాస్తున్నాను.

మొదట ఫోను జేబులో పెట్టి, ఒక నోటుపుస్తకమూ టార్చిలైటూ పట్టుకుని కారు దగ్గరికి వెళ్లు. చాసిస్ నంబరు, ఇంజను నంబరు, కార్బురేటరు మీద పోతపోసిన పేరు, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు మీద చెక్కిన అంకెలు, అన్నీ రాసుకుని ఫొటోలు తీయి. తుప్పు పట్టి కనిపించని చోట కిరసనాయిలు గుడ్డతో తుడువు, ఉప్పుకాగితంతో మాత్రం రుద్దవద్దు, ఎందుకంటే చాసిస్ నంబరు అరిగిందంటే రేపు ఆర్టీవో ఆఫీసులో పెన్సిల్ ప్రింటు (నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది తీసే అచ్చు) రాదు. నీ కారేమిటో నీకు తెలియకుండా వెతకడం ఎంత నష్టమో నా అనుభవమే చెబుతుంది. హెరాల్డు ఇంగ్లండులోని ట్రయంఫ్ వారి కారు. దాని రూపం ఇటలీకి చెందిన జొవానీ మికెలోట్టి గీసినది. మద్రాసులోని స్టాండర్డ్ కంపెనీ దాన్ని 1961 నుంచి ఇక్కడ తయారుచేసింది. ఇంగ్లండులో ఆ కారు ఇంజను తరువాత 1147 సీసీకి, ఆపైన 1296 సీసీకి పెరిగింది. మనది మాత్రం చివరిదాకా 948 సీసీగానే ఉండిపోయింది. అందుచేత ఇంటర్నెట్టులో ఊరికే హెరాల్డ్ అని కొడితే వచ్చే సామానులో ఎక్కువ భాగం ఆ పెద్ద ఇంజన్లదే. మన సిలిండరు వ్యాసం 63 మిల్లీమీటర్లు, 1147 సీసీ ఇంజనుది 69.3. ఈ తేడా చూసుకోకుండా నేనొకసారి పిస్టన్ రింగుల సెట్టు తెప్పించుకున్నాను. అది ఇప్పటికీ మా అటక మీద ఉంది. మీ అత్త పండుగకు ఇల్లు దులిపినప్పుడల్లా దాన్ని నాకు చూపించి మళ్లీ అక్కడే పెడుతుంది.

కారు వివరాలు చేతికి వచ్చిన తరువాత చూడవలసినది వీడియోలు కాదు, కంపెనీ వారి వర్క్‌షాపు మాన్యువలు, విడిభాగాల కేటలాగు. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత గ్రంథాలయంలో పాత కార్ల మాన్యువళ్లు స్కాన్ చేసి పెట్టినవి చాలా ఉన్నాయి. నీ ఇంజనుకు సంబంధించినది దించుకుని, ముఖ్యమైన పేజీలను జిరాక్సు షాపులో అచ్చు తీయించి మెకానిక్కు చేతికి ఇవ్వు, ఎందుకంటే గ్రీజు చేతులతో ఫోను తెర జరపడం ఎవరి వల్లా కాదు. విడిభాగాల బొమ్మల కోసం ఇంగ్లండులోని రిమ్మర్ బ్రదర్స్, కాన్లీ క్లాసిక్స్ అనే దుకాణాల వెబ్‌సైట్లు చూడు. ఒక్కొక్క భాగాన్నీ విడదీసి, వాషరుతో సహా వరుసగా పేర్చి గీసిన పటాలు వాటిలో ఉన్నాయి. అక్కడ కొనకపోయినా ఫరవాలేదు, ఆ పటాల్లోని భాగం నంబరే మనకు కావలసినది. పేరుతో వెతికితే ఒక్క బుష్షుకే నూరు రకాలు వస్తాయి, నంబరుతో వెతికితే కావలసినది ఒక్కటే వస్తుంది. స్పానర్ల విషయం కూడా ఆ మాన్యువలే చెబుతుంది. ఈ కారు నట్లూ బోల్టులూ అంగుళాల కొలతలవి. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు కనుక నీ దగ్గర ఉన్న 13వ నంబరు స్పానరు పట్టినట్టే పట్టి మూలలు అరగదీస్తుంది. అంగుళాల స్పానర్ల సెట్టు ఒకటి కొనకుండా ఒక్క బోల్టు కూడా విప్పవద్దు.

ఇక నువ్వు పంపిన వీడియోల్లో ఒకదాని గురించి తప్పకుండా చెప్పాలి. అందులో ఒక కుర్రవాడు హెరాల్డు ముందు చక్రం లోపల గ్రీజు గన్ను పెట్టి కసిగా గ్రీజు ఎక్కిస్తున్నాడు. ఆ పని ఎంతమాత్రం చేయవద్దు. ముందు చక్రాన్ని మోసే నిలువు కడ్డీ అడుగున ట్రన్నియన్ అనే కంచు భాగం మరల (స్క్రూ గాడుల) మీద కూర్చుని ఉంటుంది, స్టీరింగు తిప్పి చక్రాన్ని పక్కకు మళ్లించినప్పుడల్లా ఆ మరలే తిరుగుతాయి. అక్కడ పోయవలసినది ఈపీ 90 గేరు ఆయిలు. గ్రీజు పెడితే అది కొంతకాలానికి గట్టిపడి దారి మూసేస్తుంది, కిందికి నీరు చేరుతుంది, కడ్డీ లోలోపల తుప్పు తింటుంది. చివరికి ఒకరోజు విరుగుతుంది. నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో తెలియక గ్రీజు పెట్టిన కారు ఒకటి పూతలపట్టు దాటాక మలుపులో ముందు చక్రం మడుచుకుని రోడ్డు మీద కూలబడింది. వేగం తక్కువ కనుక ఎవరికీ దెబ్బ తగలలేదు, కానీ ఆ రాత్రంతా ఎద్దుల బండి కోసం ఎదురుచూస్తూ చింతచెట్టు కింద కూర్చున్నాను. ఆయిలు పోయాలన్న మాట మాన్యువల్లో స్పష్టంగా ఉంది, ఇంగ్లండులో ఈ కార్ల అభిమానులతో 1977లో ఏర్పడిన ట్రయంఫ్ స్పోర్ట్స్ సిక్స్ క్లబ్బు వారూ ఇదే చెబుతారు. ఈ రెండింటికీ వీడియోకూ తేడా వచ్చినప్పుడు వీడియోను పక్కన పెట్టు. కుడి, ఎడమ ట్రన్నియన్ల మరలు వేర్వేరు దిక్కులకు తిరుగుతాయి, కనుక విప్పిన రోజే చీటీ కట్టి ఉంచు.

పెట్రోలు విషయంలో మాన్యువలు ఒక్కటే చాలదు, అది రాసిన నాటి పెట్రోలు వేరు. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది, ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాలు కలిసినది. ఆ ఇథనాలు పాత రబ్బరు గొట్టాలను మెత్తబరిచి పగలదీస్తుంది, గాలిలోని తేమను లాగి ట్యాంకు అడుగున తుప్పు పట్టిస్తుంది. కాబట్టి ట్యాంకు నుంచి కార్బురేటరు దాకా ఉన్న ప్రతి గొట్టాన్నీ ఎస్ఏఈ జె30 ఆర్9 అని అచ్చువేసి ఉన్న, ఇథనాలును తట్టుకునే రకంతో మార్పించు, పంపులోని డయాఫ్రము (పెట్రోలును తోసే పలుచని పొర) కూడా ఇథనాలును తట్టుకునేదే వేయించు. కారు నెలల తరబడి నిలిచి ఉండేటట్లయితే ట్యాంకు ఖాళీ చేయడం మేలు. కరెంటు సంగతి క్లుప్తంగా చెబుతాను. లూకాస్ అనే ఇంగ్లీషు కంపెనీ వారి వైరింగులో రంగులకు ఒక పద్ధతి ఉంది: గోధుమరంగు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, తెలుపు తాళం తిప్పితే వచ్చేది, ఆకుపచ్చ ఆ తరువాత ఫ్యూజు దాటి వచ్చేది, నలుపు ఎర్తు. ఆ పట్టిక ఇంటర్నెట్టులో తేలికగా దొరుకుతుంది, అచ్చు తీసి కారు పక్క గోడకు అతికించు.

ఇప్పుడు కాగితాల విషయం. దీనికి కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ వెబ్‌సైటు ఒక్కటి తప్ప మరి దేన్నీ నమ్మవద్దు, ఏజెంటు పంపిన వాట్సప్ సందేశాన్ని అసలే నమ్మవద్దు. ముందుగా కారు నంబరు అందులో కొట్టి చూడు. చేతిరాత ఆర్సీ పుస్తకం నాటి బండి కనుక వివరాలు కనిపించకపోతే, ఆ పుస్తకం తీసుకుని వెళ్లి కంప్యూటరులోకి ఎక్కించమని ఆర్టీవో ఆఫీసులో అర్జీ పెట్టుకోవాలి. ఆర్సీ ఇంకా మీ తాతగారి పేరునే ఉంది కాబట్టి ఫారం 31 మీద, మరణ ధ్రువీకరణ పత్రమూ వారసుల పత్రమూ జతచేసి పేరు మార్పించాలి. మీ బాబాయిల సమ్మతి పత్రాలు ఇప్పుడే తీసుకో, కారు మెరిసిపోయాక అడిగితే మాటలు మారతాయి.

ఆ తరువాత నువ్వు ఒక నిర్ణయానికి రావాలి. కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజను మార్చకుండా అసలు రూపంలో ఉన్న కారును వింటేజ్ వాహనంగా నమోదు చేయించవచ్చు. దరఖాస్తు పరివాహన్‌లో ఫారం 20 మీద, కొత్త రిజిస్ట్రేషన్ రుసుము ఇరవై వేలు, గడువు పదేళ్లు. కొత్తగా ఇచ్చే నంబర్లలో వీఏ అనే అక్షరాలు ఉంటాయి, ఇదివరకే రిజిస్టరైన కార్లు పాత నంబరునే ఉంచుకోవచ్చు. వినడానికి ఇది ఘనంగా ఉంటుంది. కానీ ఆ కారును ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, పరిశోధనకూ, పెట్రోలుకూ, మరమ్మతుకూ మాత్రమే రోడ్డు మీదికి తీయాలి, రోజువారీ తిరుగుళ్లకు పనికిరాదు. నీ కోరిక అక్కను ఆదివారం నాడు కాణిపాకం తీసుకువెళ్లడమే అయితే వింటేజ్ జోలికి పోకుండా, ఫారం 25తో మామూలు ఆర్సీనే రెన్యువల్ చేయించుకోవడం మంచిది. ఆలస్య రుసుము ఎక్కువే పడుతుంది, అయినా నా ఓటు దానికే. ఇరవై అయిదు అడుగుల వృత్తంలో చుట్టూ తిరిగి వచ్చే కారు అది. అంబాసిడరు రెండుసార్లు వెనక్కి వెళ్లవలసిన చిత్తూరు బజారు వీధిలో మీ తాతగారు ఒక్క మలుపులో తిప్పేవారు. అలాంటి బండిని గుడ్డ కప్పి ఉంచడం నాకు ఇష్టం లేదు.

సామాను కొనేటప్పుడు పై దేశపు వెబ్‌సైటులో కనిపించే ధర ఇల్లు చేరే ధర కాదు. రవాణా, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ కలుపుకుని లెక్క వేసుకో. సీళ్లు, రింగులు, ట్రన్నియన్లు వంటి చిన్న, ముఖ్యమైన వాటిని మాత్రం అక్కడి నుంచి తెప్పించు. తలుపులు, బంపర్లు, గాజులు వంటి వాటికి భాగం నంబరూ పటమూ ఫోనులో పెట్టుకుని ఒక శనివారం పాత కార్ల సామాను దొరికే చెన్నై పుదుపేటకు వెళ్లు, కొలతలు రాసుకున్న నోటుపుస్తకం, టేపు వెంట ఉండాలి. ముఖపరిచయం లేనివాడు ఫొటో పెట్టి అడ్వాన్సు అడిగితే, వస్తువు మీద ఆ రోజు తేదీ రాసిన కాగితం పెట్టి వీడియో కాల్లో చూపించమను. ఆ పాటి జాగ్రత్త లేక ముందు అద్దం కోసం నేను ఎనిమిది వేలు పంపి, అద్దమూ డబ్బూ రెండూ పోగొట్టుకున్నాను. అలా జరిగితే సిగ్గుపడి నాలుగు రోజులు దాచకుండా వెంటనే సైబరు మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలని నాకు తరువాత తెలిసింది.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు నేనే చిత్తూరు వస్తున్నాను. ఈలోగా నంబర్లు రాసిన నోటుపుస్తకమూ, ఆర్సీ పుస్తకమూ సిద్ధంగా ఉంచు. ప్లగ్గులు విప్పి ఒక్కొక్క సిలిండరులో రెండు చెంచాల ఇంజను ఆయిలు పోసి నాననివ్వు, సెల్ఫు మాత్రం కొట్టవద్దు. కొత్త బ్యాటరీ తెచ్చావని విన్నాను. ఆ కాలపు ఇంగ్లీషు కార్లలో చాలావాటికి ఎర్తు పాజిటివ్ వైపు ఉండేది, అంటే బ్యాటరీ పాజిటివ్ కొననే కారు బాడీకి కలిపేవారు. మీ తాతగారి కారుకు ఎటువైపో నేను వచ్చి చూసేదాకా ఆ బ్యాటరీని కారుకు తగిలించకుండా పక్కన ఉంచు.

ఇట్లు,
మామ